తట్ట నుండి తాపీ దాకా

(నిర్మాణరంగంలోని శ్రామిక మహిళల సమస్యలపై ప్రసంగ పాఠం)

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నది తెలుగువారి నానుడి. ఇల్లు కట్టించే గృహస్థు పడే పాట్లను తలచుకొని పుట్టిన మాట అది. ఆ ఇంటికి ఇటుక మోసి, ఇసుక జల్లించి, మాలు అందించిన స్త్రీ పడిన పాట్లు ఆ నానుడిలో చోటు చేసుకోలేదు. గృహప్రవేశం నాడు మేస్త్రీకి బట్టలు పెట్టి సత్కరించే ఆచారం మన పల్లెల్లోను, పట్టణాల్లోను ఉంది. నెలల తరబడి తట్ట మోసిన ఆమె పేరు కూడా ఇంటివారికి తెలియకపోవడం సర్వసాధారణం. ఈ ఉపేక్ష ఒక ఇంటితో ఆగేది కాదు. హాజరు పట్టీలో, వేతనాల లెక్కలో, సంక్షేమ నిధిలో కూడా అది కొనసాగుతున్నది. ఆ కారణం చేతనే నిర్మాణరంగంలోని మహిళల స్థితిగతులు ప్రత్యేకంగా పరిశీలించదగినవి.

వ్యవసాయం తరువాత మన దేశంలో అధిక సంఖ్యాకులకు పని కల్పించే రంగాలలో నిర్మాణరంగం ఒకటి. స్వాతంత్ర్యానంతరం దేశం నిర్మించుకొన్న ఆనకట్టలు, కాలువలు, రహదారులు, కర్మాగారాలు, నగరాలు అన్నింటిలోను స్త్రీల శ్రమ ఇమిడి ఉంది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలిన నాగార్జునసాగర్ అందుకు చక్కని నిదర్శనం. రాతి కట్టడపు ఆనకట్టలలో ప్రపంచ ప్రసిద్ధి పొందిన ఆ నిర్మాణంలో వేలాది స్త్రీపురుషులు తలలపై బరువులు మోశారు. వర్షాభావ ప్రాంతమైన పాలమూరు నుండి కూలీలు మేస్త్రీల వెంట దేశం నలుమూలలకు వలసపోయి ఆనకట్టలు, కాలువలు కట్టారు. రాతిపని, మట్టిపని కులవృత్తిగా గల వడ్డెర కుటుంబాలలో భర్త రాయి కొడితే భార్య మోయడం తరతరాలుగా వస్తున్న పద్ధతి.

ఒక పెద్ద నిర్మాణ స్థలాన్ని చూచినవారికి భారతదేశమే అక్కడ చిన్న రూపంలో కనిపిస్తుంది. హైదరాబాదులోని కట్టడాలపై పాలమూరు, శ్రీకాకుళం స్త్రీలతో పాటు ఒడిశా, ఛత్తీస్‌గఢ్ స్త్రీలు పనిచేస్తున్నారు. గుజరాత్ నగరాలకు దాహోద్, ఝాబువా ప్రాంతాల గిరిజన కుటుంబాలు, ఢిల్లీకి బుందేల్‌ఖండ్ కుటుంబాలు వలస వస్తున్నాయి. వారి భాషలు వేరు, కట్టుబొట్లు వేరు. వారిలో స్త్రీలకు అప్పగించే పని మాత్రం అన్ని చోట్ల ఒకటే. అది తట్ట మోయడం.

ఎదుగుదల లేని పని

నిర్మాణరంగంలో స్త్రీ ఎదుర్కొనే మూల సమస్య ఇక్కడే ఉంది. పదునెనిమిదేళ్ళ యువకుడొకడు కూలీగా చేరితే, కొద్ది సంవత్సరాలలో అతడు తాపీ పట్టి మేస్త్రీ కావడానికి అవకాశం ఉంది. మేస్త్రీ భోజనానికి కూర్చున్నప్పుడు అతని తాపీ తీసుకొని రెండు ఇటుకలు పేర్చి చూస్తాడు. సాయంకాలం పని ముగిసిన తరువాత మేస్త్రీ వెంట ఉండి గుండు పట్టడం, రసమట్టం చూడడం నేర్చుకొంటాడు. ఈ రంగంలో విద్యాభ్యాసం అంతా ఇట్లే సాగుతుంది. దానికి పాఠశాల లేదు, పట్టా లేదు.

అదే రోజున, అదే స్థలంలో చేరిన యువతికి ఈ అవకాశాలు రెండూ లేవు. భోజన విరామంలో ఆమె బిడ్డకు పాలివ్వాలి. సాయంకాలం నీళ్ళు పట్టుకొని, కట్టెలు ఏరుకొని పొయ్యి రాజేయాలి. పరంజా ఎక్కడం ఆడవారికి తగదనే అపోహ ఒకటి అదనంగా ఉంది. తలపై బరువుతో మెట్లు లేని ఏటవాలు పలకల మీదుగా మూడో అంతస్తు దాకా ఎక్కడానికి అభ్యంతరం చెప్పని సమాజం, అక్కడే నిలబడి గోడ కట్టడానికి అభ్యంతరం చెబుతున్నది! ఫలితంగా ఇరవై సంవత్సరాలు పనిచేసిన స్త్రీ కూడా తొలినాటి కూలీగానే మిగిలిపోతున్నది.

తట్ట మోయడం తేలిక పని అనుకోవడం కూడా పొరపాటు. 1998 నాటి కేంద్ర నియమావళి వయోజనుడైన పురుషుడు మోయదగిన గరిష్ఠ బరువును 55 కిలోలుగా, స్త్రీ మోయదగిన బరువును 30 కిలోలుగా నిర్ణయించింది. ఒక ఇటుక సుమారు మూడు కిలోలు ఉంటుంది. అంటే పది ఇటుకలు ఎత్తుకొన్న స్త్రీ ఆ పరిమితిని అందుకొన్నట్లే. రోజంతా ఎన్ని మార్లు ఎక్కి దిగవలసి వస్తుందో లెక్కించినవారు దానిని 'నైపుణ్యం లేని తేలికపాటి పని' అని వ్యవహరించడానికి సంకోచిస్తారు.

సమాన వేతనం - చట్టం పరిధి

అంతర్జాతీయ మహిళా సంవత్సరమైన 1975లో సమాన వేతనాల ఆర్డినెన్సు జారీ అయింది. 1976లో అది చట్టరూపం దాల్చింది. ఒకే పనికి, లేదా ఒకే స్వభావం గల పనికి స్త్రీపురుషులకు సమాన వేతనం చెల్లించాలని ఆ చట్టం శాసించింది. 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనాల స్మృతిలో ఈ సూత్రాన్ని చేర్చారు. 2025 నవంబరు 21 నుండి ఆ స్మృతి అమలులోకి వచ్చింది.

చట్టం ఉన్నంత మాత్రాన వేతనం చేతికందదని 1982 నాటి అనుభవం నిరూపించింది. ఆ సంవత్సరం ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడల కోసం క్రీడాప్రాంగణాలు, వంతెనలు, వసతి గృహాలు శీఘ్రగతిని నిర్మించారు. ఆ పనివారి దుస్థితిని 'పీపుల్స్ యూనియన్ ఫర్ డెమోక్రటిక్ రైట్స్' అనే సంస్థ సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి.ఎన్. భగవతికి లేఖ ద్వారా తెలిపింది. న్యాయస్థానం ఆ లేఖనే పిటిషనుగా స్వీకరించింది. నాటి కనీస వేతనం రోజుకు 9 రూపాయల 25 పైసలు. అందులో రూపాయి చొప్పున జమేదార్లు కమీషనుగా మినహాయించుకొని 8 రూపాయల 25 పైసలే ఇస్తున్నారనీ, స్త్రీలకు 7 రూపాయలే దక్కుతున్నాయనీ పిటిషనులో పేర్కొన్నారు. కనీస వేతనం కంటె తక్కువకు పనిచేయించడం రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమతో సమానమని సుప్రీంకోర్టు ఆ సెప్టెంబరులో తీర్పు చెప్పింది. దేశ శ్రామిక చరిత్రలో ఇది ఒక మైలురాయి.

అయితే ఈ చట్టాల పరిధిలోకి రాని చిక్కు ఒకటి మిగిలి ఉంది. సమాన వేతనం కోరాలంటే పని సమానమై ఉండాలి. గోడ కట్టే పని పురుషునికి, మోసే పని స్త్రీకి అని ముందే విభజించిన చోట పోల్చడానికి ఒకే రకమైన పని ఉండదు. పురుషుడు మేస్త్రీ వేతనం, స్త్రీ కూలీ వేతనం పొందుతారు. గుత్తేదారు రెండింటినీ చట్టబద్ధంగానే చూపగలడు. కొన్ని చోట్ల భార్యాభర్తలను కలిపి 'జోడీ'గా పనిలో పెట్టుకొని, మొత్తం కూలి భర్త చేతికిచ్చే పద్ధతి ఉంది. అక్కడ స్త్రీ పేరు హాజరు పట్టీలోనే ఉండదు. పేరే లేనప్పుడు వేతన హక్కును రుజువు చేయడం ఎట్లా? కనుక వేతన న్యాయానికి రెండు మెట్లు అవసరం. మొదటిది ఆమె పేరు విడిగా నమోదు కావడం. రెండవది ఆమె చేతికి నైపుణ్యం గల పని రావడం.

బిడ్డ ఎక్కడ ఉండాలి?

ఈ రెండు మెట్లకూ అడ్డుగా నిలిచే మరో ప్రశ్న ఉంది. తల్లి పనిలో ఉన్నంతసేపు బిడ్డ ఎక్కడ ఉండాలి? 1969లో గాంధీజీ శతజయంతి ప్రదర్శన కోసం ఢిల్లీలోని రాజ్‌ఘాట్ సమీపంలో నిర్మాణాలు సాగుతున్నప్పుడు, రాళ్ళకుప్పల మధ్య పడి ఉన్న పసిబిడ్డలను చూచి మీరా మహాదేవన్ చలించిపోయారు. ఆ స్థలంలోనే గుడారం వేయించి శిశుసంరక్షణ కేంద్రాన్ని ప్రారంభించారు. 'మొబైల్ క్రెషెస్' సంస్థ పుట్టుక అది. నిర్మాణం ముగిసి పనివారు మరో చోటికి తరలిపోతే కేంద్రం కూడా వారి వెంట తరలిపోతుంది. తరువాతి కాలంలో ముంబయి, పుణె నగరాలకు కూడా ఈ సేవ విస్తరించింది. ఆ గుడారాలలో హిందీ, తెలుగు, ఒడియా, మరాఠీ మాట్లాడే తల్లుల బిడ్డలు ఒకే చాప మీద కూర్చుని అక్షరాలు దిద్దుకొన్నారు. జాతీయ సమైక్యతకు ఇంతకంటె సహజమైన పాఠశాల మరొకటి ఉండదు.

1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం, 50 మందికి పైగా స్త్రీలు పనిచేసే చోట ఆరేళ్ళ లోపు పిల్లలకు శిశుగృహం ఏర్పాటు చేయాలని విధించింది. ఆ నిబంధనలో ఒక లోపం ఉండేది. స్త్రీల సంఖ్యను 50కి లోపుగా ఉంచితే, లేదా ఉన్నట్లు చూపితే, గుత్తేదారుకు బాధ్యత తప్పిపోయేది. పిల్లలు తల్లి బాధ్యత మాత్రమేనన్న భావం కూడా అందులో దాగి ఉంది. 2020లో ఆమోదం పొంది, 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి ఈ లెక్కను మార్చింది. స్త్రీపురుష భేదం లేకుండా మొత్తం పనివారి సంఖ్య 50 అయితే శిశుగృహం ఉండాలన్నది కొత్త నియమం. దీనిని ఖచ్చితంగా అమలుచేస్తే, స్త్రీలను పనిలో పెట్టుకొంటే ఖర్చు పెరుగుతుందనే సాకు తొలగిపోతుంది.

ప్రసూతి విషయంలోను న్యాయస్థానం శ్రామిక స్త్రీల పక్షాన నిలిచింది. ఢిల్లీ నగరపాలక సంస్థ పనులలో గోతులు తవ్వే, రోడ్లు వేసే దినకూలీ స్త్రీలు, క్రమబద్ధ ఉద్యోగినులకు లభించే ప్రసూతి సెలవు తమకూ కావాలని కోరారు. శాశ్వత ఉద్యోగులకే ఆ సదుపాయమన్న వాదాన్ని సుప్రీంకోర్టు 2000 మార్చి 8న, అంటే అంతర్జాతీయ మహిళా దినోత్సవం నాడే, తోసిపుచ్చింది. మస్టరుపై పనిచేసే స్త్రీలు కూడా ప్రసూతి ప్రయోజనానికి అర్హులేనని ప్రకటించింది. అయితే ఈ ప్రయోజనం పొందాలంటే ప్రసవానికి ముందు పన్నెండు నెలలలో కనీసం 80 రోజులు ఒక యజమాని వద్ద పనిచేసి ఉండాలి. నెలకొక గుత్తేదారు వద్దకు మారే అడ్డా కూలీకి ఈ షరతు అందని ద్రాక్షే. ఆమెకు ముఖ్యమైన ఆధారం సంక్షేమ మండలి ఇచ్చే ప్రసూతి సాయం.

నిధి ఉంది, చేరవలసినవారు దూరంగా ఉన్నారు

సంక్షేమ మండలుల ఏర్పాటు వెనుక సుదీర్ఘ కృషి ఉంది. 1980ల నుండి నిర్మాణ కార్మిక సంఘాలు కేంద్ర చట్టం కోసం ఉద్యమించాయి. ఇలా భట్ అధ్యక్షతన ఏర్పడిన జాతీయ సంఘం 1988లో 'శ్రమశక్తి' నివేదికను సమర్పించి, అసంఘటిత రంగంలోని స్త్రీల బాధలను దేశం ముందుంచింది. తుదకు 1996లో నిర్మాణ కార్మికుల చట్టంతో పాటు సెస్సు చట్టం కూడా వచ్చింది. నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సుగా వసూలుచేసి కార్మికుల సంక్షేమానికి వినియోగించాలన్నది అందలి ఉద్దేశం. కోటి రూపాయల కట్టడం లేస్తే లక్ష రూపాయలు ఈ నిధికి చేరాలి. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి కూడా ఈ ఏర్పాటును కొనసాగించింది. 18 నుండి 60 సంవత్సరాల వయసు గలిగి, గత పన్నెండు నెలలలో 90 రోజులు నిర్మాణపు పని చేసినవారు ఇందులో సభ్యులుగా చేరవచ్చు.

ఈ నిధి ఎట్లా వినియోగమయిందో పరిశీలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 2018 మార్చిలో వెలువడిన సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం అప్పటికి దేశమంతటా వసూలయిన సొమ్ము 37,400 కోట్ల రూపాయలకు పైబడింది. ఖర్చయినది సుమారు 9,500 కోట్లు మాత్రమే. డబ్బు లేక కాదు, చేరవలసినవారికి చేరక ఈ పరిస్థితి ఏర్పడింది. 2020 మార్చిలో కరోనా వ్యాధి కారణంగా దేశమంతటా పనులు స్తంభించినప్పుడు, ఈ నిధి నుండి కార్మికుల ఖాతాలకు నేరుగా సొమ్ము జమచేయాలని కేంద్రం రాష్ట్రాలకు సూచించింది. సభ్యత్వపు కార్డు ఉన్నవారికి ఆ సాయం అందింది. కార్డు లేనివారు పిల్లలను చంకనెత్తుకొని ఊళ్ళకు నడిచారు.

స్త్రీలు కార్డు పొందకపోవడానికి ప్రత్యేక కారణాలున్నాయి. 90 రోజులు పనిచేసినట్లు ధ్రువపరచమంటే, ఆమెను కూలీగా గుర్తించే గుత్తేదారు ఉండడు. భర్తకు కార్డు ఉన్నది గదా అని ఇంటివారు ఊరుకొంటారు. కార్యాలయానికి ఒక రోజు తిరిగితే ఆ రోజు కూలి పోతుంది. ఒక రాష్ట్రంలో పొందిన కార్డుతో మరో రాష్ట్రంలో పని సాగడం కష్టం. అందువల్ల నమోదు అధికారులు కార్యాలయాలలో వేచి ఉండక, ఉదయం వేళ అడ్డాలకు, సాయంత్రం వేళ పనివారి గుడిసెలకు వెళ్ళి, భార్యాభర్తలకు వేరువేరుగా కార్డులు ఇవ్వడం అత్యవసరం.

తాపీ పట్టిన చేతులు

నైపుణ్యం విషయంలో మన దేశం వద్ద మంచి ఉదాహరణలే ఉన్నాయి. కేరళలోని త్రిశ్శూరులో మరుగుదొడ్ల నిర్మాణ కార్యక్రమం ద్వారా తాపీపని నేర్చుకొన్న స్త్రీలు 'జీవపూర్ణ' పేరిట సంఘంగా ఏర్పడ్డారు. అదే రాష్ట్రంలో 1998లో ప్రారంభమైన 'కుటుంబశ్రీ'లో భాగంగా మహిళా బృందాలు ఇళ్ళ నిర్మాణం చేపట్టాయి. అహమ్మదాబాదులో 'సేవా' సంస్థ నిర్మాణ కార్మికుల కోసం శిక్షణ పాఠశాలను నెలకొల్పింది. 1993 సెప్టెంబరు 30న లాతూరు ప్రాంతాన్ని భూకంపం ధ్వంసం చేసిన తరువాత, గ్రామ మహిళా మండలుల సభ్యులు భూకంపాన్ని తట్టుకొనే కట్టడపు మెళకువలు నేర్చి, ఇళ్ళ మరమ్మతులను పర్యవేక్షించారు. 2015 ఏప్రిల్‌లో భూకంపానికి గురైన పొరుగుదేశం నేపాల్‌లో, పురుషులు అనేకులు ఉపాధికై విదేశాలలో ఉండగా, స్త్రీలు తాపీపనిలో శిక్షణ పొంది తమ ఊళ్ళను తామే తిరిగి నిర్మించుకొన్నారు.

అన్నింటిలోకి ఝార్ఖండ్ ఉదాహరణ విశేషమైనది. తాపీ మేస్త్రీని అక్కడ 'రాజ్ మిస్త్రీ' అంటారు. స్వచ్ఛ భారత్ కార్యక్రమంలో లక్షల సంఖ్యలో మరుగుదొడ్లు కట్టవలసి వచ్చినప్పుడు మేస్త్రీల కొరత ఏర్పడింది. స్వయం సహాయక బృందాల స్త్రీలు వేలాదిగా శిక్షణ పొంది పని అందుకొన్నారు. వారికి 'రాణీ మిస్త్రీ' అన్న పేరు వచ్చింది. లాతేహార్ జిల్లాకు చెందిన సునీతా దేవి తొలుత ఊరివారి ఎగతాళిని భరించి, తాను నేర్చి, ఇతర స్త్రీలకు నేర్పారు. 2019 మార్చిలో ఆమెకు నారీశక్తి పురస్కారం లభించింది.

ఈ ప్రయత్నాలన్నింటిలో సమానంగా కనిపించే లక్షణాలు గమనించదగినవి. మొదటిది, శిక్షణ స్త్రీ ఉన్న చోటికే వచ్చింది. రెండవది, నేర్చుకొన్న వెంటనే కట్టడానికి నిజమైన పని దొరికింది. మూడవది, వారు ఒంటరిగా గాక బృందంగా పనిచేశారు. ఈ మూడింటిలో ఏది లోపించినా ఫలితం దక్కదు. శిక్షణ కాలంలో కూలి చెల్లించకపోతే రోజు గడవని స్త్రీ శిక్షణకు రాలేదు. శిక్షణ ముగిసినాక పని ఇవ్వకపోతే ఆమె చేతి పత్రం పెట్టెలో ఉండిపోతుంది, తలపైకి తిరిగి తట్ట వస్తుంది.

ఆలస్యానికి తావు లేదు

ఈ కర్తవ్యాన్ని వాయిదా వేయడానికి వీలులేని కారణం మరొకటి ఉంది. నిర్మాణస్థలాలకు యంత్రాలు వచ్చాయి. కాంక్రీటు కలపడానికి యంత్రం, అంతస్తులకు చేర్చడానికి పంపు, ఇటుకలు ఎత్తడానికి లిఫ్టు, మట్టి తవ్వడానికి మరో యంత్రం ఉన్నాయి. తలపై మోత తగ్గడం సంతోషించదగిన విషయమే. అయితే యంత్రం మొదట తొలగించేది మోత పనిని. ఆ పనిలో ఉన్నది స్త్రీలు. యంత్రాన్ని నడిపే పనిని నేర్పేది పురుషులకు. తట్ట పోయి, తాపీ రాక, యంత్రమూ దక్కకపోతే ఈ రంగంలో స్త్రీకి చోటెక్కడ? కనుక తాపీపనితో పాటు పలకలు పరచడం, రంగులు వేయడం, విద్యుత్తు తీగలు అమర్చడం, కమ్మీలు వంచడం, యంత్రాలు నడపడం స్త్రీలకు నేర్పాలి. 1998లో హైదరాబాదులో ఏర్పాటైన నిర్మాణ అకాడమీ వంటి శిక్షణ సంస్థలలో వారికి తగినన్ని స్థానాలు, వసతి, శిశుగృహం కల్పించాలి. ప్రభుత్వ ఇళ్ళ పథకాలలో, పంచాయతీ కట్టడాలలో కొంత భాగాన్ని మహిళా బృందాలకు అప్పగిస్తే తొలి పని దొరకని చిక్కు తీరుతుంది.

ప్రభుత్వం, న్యాయస్థానాలు చేయగలిగిన దానితో పాటు పౌరులు చేయగలిగినదీ ఉంది. ఇల్లు కట్టించే గృహస్థు, పనిచేసే ప్రతి స్త్రీ పేరూ విడిగా రాయించి, కూలి ఆమె చేతికే ఇప్పించవచ్చు. ఆమెకు మరుగుదొడ్డి, మంచినీరు, బిడ్డకు నీడ ఏర్పాటు చేయవచ్చు. పాలిటెక్నిక్‌లలో, ఇంజనీరింగు కళాశాలలలో చదివే విద్యార్థినీ విద్యార్థులు రేపు ఈ కట్టడాలను పర్యవేక్షించేవారు. తాము వేసే నక్షాను గోడగా మార్చే చేతులు ఎవరివో వారు ఇప్పటినుండే తెలిసికోవాలి. జాతీయ సేవా పథకం శిబిరాలలో పాల్గొనే యువజనులు తమ ఊరి అడ్డాలకు వెళ్ళి, కార్డు లేని స్త్రీల దరఖాస్తులు నింపి పెట్టగలరు. ఒక దరఖాస్తు నింపడానికి పట్టేది అరగంట. ఆ కుటుంబానికి అది ప్రసవ సమయంలో, ప్రమాద సమయంలో ఆధారమవుతుంది.

దేశ నిర్మాణమన్న మాటను సభలలో అలంకారంగా వాడుతూ ఉంటాము. తలపై ఇటుకలతో ఏటవాలు పలక ఎక్కే స్త్రీకి అది అలంకారం కాదు, రోజువారీ పని. ఆ పనికి తగిన కూలి, ఆమె బిడ్డకు నీడ, ఆమె పేరున ఒక కార్డు, ఆమె చేతికి ఒక తాపీ అందించడం మన బాధ్యత. అవి అందిన నాడు, గృహప్రవేశంలో మేస్త్రీకి పెట్టే బట్టలు చీర రూపంలో ఉండడం కూడా మన ఊళ్ళలో మామూలు విషయమవుతుంది.